కార్తీకంలో చేపనూనె

తార్నాక చౌరస్తా దగ్గర మెడికల్ షాపులో మొన్న నాన్నకు బీపీ మాత్రలు తీసుకుంటున్నాను. నా పక్కన నిలబడ్డ పెద్దాయన కీళ్ళ నొప్పులకు మంచిదేదైనా ఉంటే ఇమ్మన్నారు. షాపతను అద్దాల అరలోంచి ఒక డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టాడు. లోపల తేనె రంగులో మెరిసే మెత్తటి క్యాప్సూళ్ళు. చేపనూనె అని, న్యాచురల్ అని, ఎంతకాలం వేసుకున్నా ఏమీ కాదని చెప్పాడు. నేను నోరు విప్పలేదు. కొత్తవాళ్ళ మధ్య నాకు మాట రాదు. కానీ చెవిలో ఒక గొంతు మాత్రం స్పష్టంగా వినిపించింది.

“ఆముదం గూడ న్యాచురలే నాయనా. గ్లాసుడు తాగుతవా?”

అది మా మేడమ్ గొంతు. ఆవిడ పోయి ఏడాది దాటింది. క్యాంపస్‌లో సంస్మరణ సభ పెట్టినప్పుడు నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆవిడ ఎక్కడ చదివారో, ఎంతమంది చేత పీహెచ్‌డీలు చేయించారో పెద్దలు చెప్పారు. అన్నీ నిజాలే. కానీ ఆవిడ పిన్నీసు గురించి ఎవరూ చెప్పలేదు. కార్తీకమాసం సంగతి అసలే చెప్పలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆ హాల్లో ఎక్కువమంది లేరు మరి. మెడికల్ షాపు నుంచి ఇంటికొచ్చి, డైరీ తెరిచి, నాకు గుర్తున్నది రాయడం మొదలుపెట్టాను.

మేడమ్ ఎప్పుడూ నేత చీరలే కట్టేవారు. భుజం మీద ఒక పిన్నీసు ఉండేది. కొంగు చివర అదనంగా ఇంకొకటి. అది చీర కోసం కాదు, క్యాప్సూళ్ళ కోసం. క్యాంపస్ నుంచి ఇంటికి వెళ్తూ తార్నాకలోనో హబ్సిగూడలోనో ఏదో ఒక మందుల షాపులో ఆగేవారు. చేపనూనె డబ్బా ఒకటి కొని, అక్కడే మూత తీయించి, ఒక క్యాప్సూల్‌ను పిన్నీసుతో గుచ్చి వాసన చూసేవారు. ఒక చుక్క నాలుక మీద వేసుకునేవారు. ఈ నూనెకు గాలి తగిలితే, ఎండ తగిలితే తొందరగా పాడవుతుంది. పాడైతే ఆవిడ ముఖం చూస్తే చాలు, తెలిసిపోయేది. ఎక్స్‌పైరీ తారీకుకు ఇంకా చాలా ఉందని షాపువాళ్ళు డబ్బా తిప్పి చూపించేవారు. తారీకు నాలుకకు తెలవదు అనేవారు ఆవిడ. హబ్సిగూడలో ఒక షాపాయన దండం పెట్టి, “మేడమ్, పైసలు వాపస్ ఇస్త. గిరాకీ ముంగట మాత్రం గుచ్చకుండ్రి” అన్నాడు. ఆవిడ పైసలు తీసుకోలేదు. లోపల నీడన పెట్టుకోమని చెప్పి బయటికి వచ్చారు. తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఆయన ఎండ తగలని అరలోంచే డబ్బా తీసిచ్చేవాడు.

పిన్నీసు విప్పడం మాత్రం పక్కనున్నవాళ్ళ పని. ఆవిడ వేళ్ళకు అది సాధ్యం కాదు. కణుపులు ఉబ్బి, వేళ్ళు అల్లం కొమ్ముల్లా వంకర్లు పోయి ఉండేవి. చాక్‌పీసును పిడికిట్లో పట్టుకుని బోర్డు మీద రాసేవారు. అక్షరాలు పెద్దవిగా, కొంచెం పక్కకు ఒరిగి ఉండేవి. నొప్పిగా ఉందా అని ఎవరైనా అడిగితే, అది ఉంటుందిలే, మీ ప్రయోగం ఎందాకొచ్చింది అని తిరిగి అడిగేవారు. ఏళ్ళ తరబడి వాపు మీద, కొవ్వుల మీద పనిచేసిన మనిషికి వాపే రావడం చూసి కొందరు జాలిపడేవారు. ఆవిడకు జాలి నచ్చేది కాదు.

పాఠం చెప్పడానికి ఆవిడకు క్లాసు గది అక్కర్లేదు. క్యాంటీన్‌లో ఒకసారి ఉడకబెట్టిన గుడ్డును రెండు చెక్కలు చేయించి, పచ్చసొన మా ముందు పెట్టారు. ఇందులో ఒక కొవ్వు పదార్థం ఉందని, పల్లీల్లోనూ ఉంటుందని, విచిత్రమేమిటంటే దాన్ని మన ఒళ్ళు కూడా స్వయంగా తయారు చేసుకుంటుందని చెప్పారు. ఎక్కడైనా వాపు, మంట మొదలైతే అక్కడ అది పుడుతుందట. “అది మంటను ఆర్పదు. మంట పెట్టెటోళ్ళ దగ్గరికి పోయి, ఇగ సాలు, ఇండ్లకు పోండ్రి అంటది” అన్నారు. మాలో ఒకడు, అయితే రోజూ గుడ్డు తింటే కీళ్ళ నొప్పి తగ్గుతుందా అని అడిగాడు. “గుడ్డుల ఉన్నది శానా తక్కువ. గుడ్డు తింటే కడుపు నిండుతది. నీకు తగ్గాల్సింది కూడ ఆకలేనాయె, తిను” అని ఆ చెక్కలు వాడి ప్లేటులో వేశారు.

నన్ను ప్రాజెక్టు అసిస్టెంటుగా ఎందుకు తీసుకున్నారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఇంటర్వ్యూలో నేను రెండు ప్రశ్నలకు తల ఊపాను, మూడోదానికి సగం జవాబు చెప్పాను. బయట కూర్చున్న మిగతావాళ్ళు గలగలా మాట్లాడేవాళ్ళు. ఉద్యోగం నాకు వచ్చింది. కొన్ని నెలలయ్యాక ధైర్యం చేసి అడిగాను. ఆవిడ నవ్వలేదు. “నువ్వు మాట్లాడవు గద, అందుకే నొప్పులున్నోళ్ళు నీతోని మాట్లాడ్తరు. ఎక్కువ మాట్లాడెటోళ్ళు అవుతలోళ్ళ నోట్లె జవాబు పెట్టేస్తరు బిడ్డా” అన్నారు. చిన్నప్పటి నుంచీ నేను దాచుకోవాలనుకున్న గుణం ఒక పనికి అర్హత అని చెప్పిన మనిషి ఆవిడ ఒక్కరే.

మా పని చెప్పడానికి తేలికే. వేళ్ళ కీళ్ళు వాచి బాధపడే ఆడవాళ్ళు కొందరు సీతాఫల్‌మండిలో మా ప్రయోగానికి ఒప్పుకున్నారు. డాక్టర్లు ఇచ్చిన మాత్రలు మానకుండానే, రోజూ మేమిచ్చే క్యాప్సూళ్ళు మింగాలి. సగం మందికి చేపనూనె. సగం మందికి వంటనూనె, అందులో చేపనూనె ఒక్క చుక్క. ఆ చుక్క ఎందుకంటే, తేన్పులో చేప వాసన రాకపోతే తమది ఉత్తుత్తి మందని తెలిసిపోతుంది. ఎవరి డబ్బాలో ఏముందో వాళ్ళకూ తెలియదు, నాకూ తెలియదు, మేడమ్‌కూ తెలియదు. ఆవిడ ఆ క్యాప్సూళ్ళు తాను వేసుకునేవారు కాదు. “నేను వేస్కొని నాకు తగ్గిందనుకో, ఇగ నేను చూసేది నా వేళ్ళనే, వాళ్ళ వేళ్ళను గాదు” అనేవారు.

శాకాహారులను మొదట్లోనే తీసుకోలేదు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళను కూడా తీసుకోలేదు. అన్నీ ఆలోచించామనే అనుకున్నాం.

నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది వరకు చెప్పమనడం పుస్తకాల్లో ఉన్న పద్ధతి. అది సీతాఫల్‌మండిలో ఒక్క గల్లీ కూడా దాటలేదు. పదిలో ఎంత అంటే, నువ్వే ఏసుకో బిడ్డా అనేవారు. నేను దిగాలుగా తిరిగొస్తే మేడమ్, నొప్పిని అడగొద్దు, పనిని అడుగు అన్నారు. అప్పటినుంచి అడిగే ప్రశ్నలు మారిపోయాయి. తడి బట్టలు పిండుతున్నరా? కుక్కర్ మూత మీరే తీస్తున్నరా? మనవరాలికి జడ ఎవరేస్తున్నరు? బస్సు ఎక్కేటప్పుడు రాడ్ పట్టు దొరుకుతున్నదా? ఈ ప్రశ్నలకు జవాబులు ధారగా వచ్చేవి. ఎండాకాలంలో మొదలుపెట్టిన పని దసరా దాటింది. నెలనెలా ఖాళీ డబ్బాలు వాపసు వస్తున్నాయి. తగ్గినట్టే ఉంది, నయమే అని చెప్పేవాళ్ళు పెరుగుతున్నారు. వచ్చే ఎండాకాలానికి మేడమ్ రిటైర్మెంట్. ఇది ఆవిడ చివరి పని. డిపార్ట్‌మెంటులో అందరూ అప్పుడే అభినందనలు చెప్తున్నారు.

కార్తీకం వెళ్ళిన మొదటి ఆదివారం నేను యాదమ్మ ఇంటికి వెళ్ళాను. స్టేషన్ దగ్గరి గల్లీలో రెండు గదుల ఇల్లు. మా పనిలో మొట్టమొదట పేరిచ్చింది ఆమే. లోపలికి అడుగు పెడుతుంటేనే చేపల పులుసు వాసన. యాదమ్మ గరిటె పట్టుకునే బయటికొచ్చి, కూసో, తినిపో అంది. నెలకు ఇయ్యాలనే పొయ్యి మీదికి చేప వచ్చిందని, కార్తీకంల నీసు ముట్టం గద అని సంతోషంగా చెప్పింది. నేను తల ఊపాను. చేతిలోకి ఖాళీ డబ్బా తీసుకున్నాను. ఏదో ఒకటి లోపల గుచ్చుకుంది. నాకు నేనుగా ప్రశ్న అడగడం చాలా అరుదు.

“మరి గోలీలు వేస్కున్నరా, ఆ నెల?”

యాదమ్మ గరిటె వైపు చూసింది. “చేపనూనెనేనాయె బిడ్డా. ఎట్ల వేస్కుంటం?”

“డబ్బా ఖాళీగా ఉన్నది గద.”

“పారేస్తె పాపం, అంత మంచి మందు. పక్క వీధి మరియమ్మకిచ్చిన. వాళ్ళకు కార్తీకం లేదు గద.”

మరియమ్మ కూడా మా జాబితాలో మనిషే. చర్చి వీధిలో ఉంటుంది. అక్కడి నుంచి నేరుగా ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె దాచలేదు. తన గోలీలతో పాటు యాదమ్మవీ మింగానంది. శ్రావణంలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఇచ్చినవి కూడా అప్పుడొకటి ఇప్పుడొకటి వేసుకున్నానంది. ఊరికే తీసుకోలేదని నాకు నచ్చజెప్పింది. వచ్చే ఈస్టర్ ముంగట శ్రమదినాలల్ల మేము నీసు మానేస్తం, అప్పుడు మావి వాళ్ళకిస్తం అంది. వాడకట్టంతా కూర్చుని పద్ధతిగా చేసుకున్న ఏర్పాటది. మరి నాకెందుకు చెప్పలేదని అడిగితే, మీ మేడమ్ మనసు నొస్తదని అంది.

మర్నాడు పొద్దున మేడమ్ గది తలుపు దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను. లోపలికి వెళ్ళి మూడు వాక్యాల్లో చెప్పేశాను. కార్తీకమంతా మింగలేదు. మరియమ్మ మింగింది. డబ్బాలు ఖాళీ చేసిచ్చారు.

 ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వి, ఆగిపోయారు. ముఖం ఒక్కసారిగా అలసిపోయింది.

“నేను గూడ ఆ నెల నీసు ముట్టలే బిడ్డా,” అన్నారు. “సోమారం సోమారం ఒక్క పొద్దు ఉన్న. రోజు గీ బల్ల మీదనే పప్పు డబ్బా తెరిచిన. నా ముంగటనే క్యాప్సూళ్ళ పెట్టె ఉన్నది. అది చేప అని నాకు తట్టలే.”

ఆవిడకు అది చేప కాదు. ఎన్నో ఏళ్ళుగా అది ఒక గొలుసు, ఇన్ని కర్బన పరమాణువులు, ఇన్ని జంట బంధాలు. మన ఒంట్లో వాపు పెంచే పదార్థాలు ఏ కొవ్వుల నుంచి తయారవుతాయో, వాటి చోటును కొంత ఆక్రమించుకునే ఇంకో కొవ్వు. ఇంటికెళ్ళి చెయ్యి కడుక్కుని దీపం పెట్టే మేడమ్, ల్యాబులో ఆ గొలుసును చూసే మేడమ్, ఇద్దరూ ఒక్క మనిషే. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, అంతే.

మా జవాబులకు లెక్కలు కట్టే సార్ ఆ మధ్యాహ్నం వచ్చారు. మంచివారే, మేడమ్ అంటే గౌరవం. నేను మూలన డబ్బాలకు చీటీలు అంటిస్తున్నాను. ఆయన చాలా మెల్లగా మాట్లాడారు. డబ్బాలైతే ఖాళీగానే వచ్చాయి. జవాబులు బాగున్నాయి. ఒక నెల అటూ ఇటూ అయిందని ఎవరూ అడగరు. ఇప్పుడు ఇదంతా తవ్వుకుంటే మళ్ళీ మొదటినుంచి రావాలి, అప్పటికి మీరు ఇక్కడ ఉండరు, చేతిలో ఏమీ మిగలదు.

“కాయితం మీద అంతా సరిగానే ఉంది కదా మేడమ్,” అన్నారు చివరికి.

“కాయితం మీద డబ్బాలున్నయి సార్. నాకు కావాల్సింది కడుపుల సంగతి.”

ఆ సాయంత్రమే ఆవిడ ఎథిక్స్ కమిటీకి జరిగింది జరిగినట్టు రాశారు. టైప్ చేసింది నేను. పరిశోధనలో పాల్గొన్నవారి లోపం అని నేను పెట్టిన మాటను కొట్టించి, పరిశోధకురాలి లోపం అని పెట్టించారు. అభినందనలు చెప్పినవాళ్ళలో కొందరు ఆ వారం కారిడార్‌లో పక్కకు తిరిగి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం చాక్‌పీసు పిడికిట్లో పట్టుకుని క్లాసుకు వెళ్ళారు. నేను ఆవిడ వెనక పుస్తకాలు మోసుకుంటూ నడుస్తున్నాను. అంత తల ఎత్తుకుని నేను ఎప్పుడూ నడవలేదు.

కొద్ది రోజులకు సీతాఫల్‌మండి కమ్యూనిటీ హాల్లో అందరినీ పిలిపించారు. ఆడవాళ్ళు బిక్కుబిక్కుమంటూ వచ్చారు. యాదమ్మ, మరియమ్మ గోడ వారగా ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. తిట్లు పడతాయనే అనుకున్నారు. మేడమ్ ప్లాస్టిక్ కుర్చీ వాళ్ళ మధ్యలోకి వేయించుకుని, కార్తీకంలో తాను ఏం తిన్నారో ముందు చెప్పారు. క్యాప్సూళ్ళ పెట్టె ముందు పెట్టుకుని పప్పన్నం తిన్న మేడమ్ కథ విని, ముందు ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది. సగం మందికి ఇచ్చింది వంటనూనే అన్న సంగతి మళ్ళీ గుర్తు చేస్తే మరియమ్మ లేచి, అయితే నేను మింగినవాట్ల అసలుదెన్ని, నూనెదెన్ని అని అడిగింది. అదే నాకు గూడ తెల్వాలె అన్నారు మేడమ్. ఎవరో, మీ కొలువు పోతదా మేడమ్ అని భయంగా అడిగారు. పోదు, దానంతటదే అయిపోతున్నదని, ఆ తర్వాత ల్యాబుల కుర్చీ ఇయ్యకపోయినా ఒక మూలకు స్టూలు అడుక్కుని ఈ పని చేస్తానని చెప్పారు.

తర్వాత గొంతు తగ్గించారు. ఇప్పటిదాకా చేసింది లెక్కలోకి రాదు. మళ్ళీ మొదటినుంచి చేయాలి. రానివాళ్ళ మీద కోపం లేదు. వస్తే మాత్రం, ఏ నెలలు కుదరవో ముందే చెప్పాలి.

ఎవరింటి నుంచో గోడ క్యాలెండర్ వచ్చింది. నేల మీద పరిచి ఆడవాళ్ళంతా దాని చుట్టూ చేరారు. శ్రావణం వద్దు. కార్తీకం వద్దు. శ్రమదినాలు వద్దు. గురువారాలు ఒకామెకు వద్దు, శనివారాలు ఇంకొకామెకు వద్దు. అయితే బోనాలకు మొదలుపెట్టుండ్రి, అప్పుడు అందరం తింటం అని ఒకరంటే, శ్రావణం నెత్తి మీదికొస్తది గద అని ఇంకొకరు గదమాయించారు. చేపనే ఎందుకు, మొక్కల నుంచి తీసేది లేదా అని ఒక చదువుకున్న కోడలు అడిగింది. అవిసె నూనె ఉందని, దాన్ని చేపనూనెలా మార్చుకోవడం మన ఒంటికి పెద్దగా చేతకాదని మేడమ్ ఓపికగా చెప్పారు. ఒక్కొక్కరే చెయ్యెత్తుతున్నారు. నేను పేర్లు రాసుకుంటున్నాను. దాదాపు అందరూ ఎత్తారు.

యాదమ్మ ఎత్తలేదు.

మేడమ్ గమనించారు. “ఏమైంది యాదమ్మా? మనసుల ఏమన్న పెట్టుకున్నవా?”

“లేదు మేడమ్.” ఆమె కొంగు నలుపుకుంటోంది. “నాకు తగ్గలే. కార్తీకానికి ముందు గూడ తగ్గలే. మీరు ఎండల పడి నడుచుకుంట వస్తరు, గీ పిల్ల వస్తది. తగ్గలే అని మీ మొకం మీద చెప్పబుద్ధి గాలే. ఎప్పుడడిగినా నయమే అన్న.”

 బయట లోకల్ రైలు వెళ్ళిపోయింది. గోడ వారనుంచి ఇంకొకామె మెల్లగా, నేను గూడ గంతే మేడమ్ అంది. ఆ వెనక ఇంకొకరు.  ఒక నెల పోతే మళ్ళీ చేసుకోవచ్చు. నేను అన్ని నెలలు గల్లీ గల్లీ తిరిగి రాసుకొచ్చిన జవాబులు ప్రేమ కొద్దీ చెప్పినవైతే, ఆవిడ చివరి పనిలో ఇంక ఏం మిగిలింది? తల ఎత్తి ఆవిడ వైపు చూడలేకపోయాను.

కుర్చీ జరిగిన చప్పుడైంది. మేడమ్ దాన్ని మోచేత్తో నెట్టుకుంటూ గోడ దాకా వెళ్ళి, యాదమ్మ ఎదురుగా వేసుకుని కూర్చున్నారు.

“ఇన్ని నెలలల్ల నాకు అక్కరకొచ్చే మాట చెప్పింది నువ్వొక్కదానివే,” అన్నారు. “నువ్వు రాకుంటె నా పనే గాదు. ఇగ చెప్పు. ఏం చేస్తలేవు?”

యాదమ్మ ఆవిడ ముఖంలోకి చాలాసేపు చూసింది, నిజంగా అడుగుతున్నారో లేదో తేల్చుకునేలా. “బొట్టు పెట్టుకోవస్తలేదు మేడమ్,” అంది. “వేలు నుదుటి దాక పోతది, ఆడ నిలువది. మా కోడలు పెడ్తది. పిల్ల మంచిదే. అయినా నా బొట్టు నేను పెట్టుకోవాలె గద.”

పక్కనున్నామె ఊరుకోలేక, “నాకైతే ఒట్టు, నిజంగనే తగ్గింది. మరి నేనేం చెప్పాలె?” అంది.

“నువ్వు తగ్గిందనే చెప్పు. ఆమె తగ్గలేదనే చెప్తది. రెండు మాటలుంటెనే నాకు తెలిసేది.”

ఆ మాటతో ఏదో తెరుచుకుంది. అందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. గాజులు ఎక్కవని ఒకరు, పాల ప్యాకెట్ పంటితో చించుతానని ఒకరు, పెళ్ళిలో అక్షింతలు పిడికిట్లోంచి జారిపోయాయని ఒకరు. ఒక్కరు కూడా నయమే అనడం లేదు. తన మందు పనిచేయలేదని ఇంతమంది చెప్తుంటే విని అంత శ్రద్ధగా, అంత ఇష్టంగా ముందుకు వంగిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆవిడ దగ్గర పనిచేస్తున్నానని ఆ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలనిపించింది, ఎప్పుడూ ఎవరికీ కనిపించకూడదని కోరుకునే నాకు.

“ఆగుండ్రి, ఆగుండ్రి, ఒక్కొక్కలు,” అన్నారు మేడమ్. యాదమ్మ చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు. “ఏ వేలు? మళ్ళ చెప్పు.”

నేను కొత్త పేజీ తిప్పాను.